రెండు తెలియనివి, ఒక కొబ్బరి రాశి

అంబాజీపేట చుట్టుపక్కల తోటల్లో దింపు అయ్యాక కాయలన్నీ ఒకచోట రాశి పోస్తారు. అందులో పెద్ద కాయలుంటాయి, చిన్నవీ ఉంటాయి. రెంటికీ రేటు ఒకటి కాదు. లెక్క కోసం పెద్ద కాయ 12 రూపాయలు, చిన్న కాయ 8 రూపాయలు అనుకుందాం. వెయ్యి కాయలకు 10,800 రూపాయలు చేతికొచ్చాయి. పెద్దవి ఎన్ని? చిన్నవి ఎన్ని?

నోటిలెక్క అలవాటున్నవాళ్లు దీనికి కాగితం వెతుక్కోరు. అన్నీ చిన్న కాయలే అయితే 8,000 రావాలి. వచ్చింది 10,800. అంటే 2,800 ఎక్కువ. ఒక చిన్న కాయ తీసి ఆ చోట పెద్ద కాయ పెడితే 4 రూపాయలు పెరుగుతుంది. 2,800లో నాలుగులు 700. కాబట్టి పెద్దవి 700, మిగిలిన 300 చిన్నవి. లెక్క అయిపోయింది.

ఇదే లెక్క పదో తరగతిలో ‘రెండు చరరాశులలో రేఖీయ సమీకరణాల జత’ అనే పేరుతో ఎదురయ్యేసరికి చాలామంది పిల్లలకు టెన్షన్ మొదలవుతుంది. పుస్తకంలో ఎక్స్, వై అని రాస్తారు. ఇక్కడ పెద్ద కాయల సంఖ్యకు ‘ప’ అని, చిన్న కాయల సంఖ్యకు ‘చ’ అని పెట్టుకుందాం.

ప + చ = 1000
12ప + 8చ = 10,800

మొదటి సమీకరణం నుంచి చ = 1000 − ప. రెండో సమీకరణంలో ‘చ’ ఉన్నచోట దీన్ని పెడితే:

12ప + 8(1000 − ప) = 10,800
12ప + 8000 − 8ప = 10,800
4ప + 8000 = 10,800
4ప = 2800
ప = 700

‘చ’ విలువ 1000 − 700 = 300.

ఇప్పుడు నోటిలెక్కనూ ఈ వరుసలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. వరుసల్లో కనిపించే 8000 ఎక్కడిది? అన్నీ చిన్న కాయలే అయితే వచ్చే సొమ్ము. 2800 ఎక్కడిది? దానికి మించి వచ్చిన సొమ్ము. 4ప అంటే? చిన్న కాయ బదులు పెద్ద కాయ ఉన్న ప్రతిచోటా అదనంగా వచ్చే 4 రూపాయలు, అలాంటి చోట్లు ‘ప’. తోటలో నోటితో చెప్పిందీ నోట్‌బుక్కులో రాసిందీ ఒకే ఆలోచన, చెప్పే తీరే మారింది. ‘12ప లోంచి 8ప పోతే 4ప’ అని పిల్లలు అర్థం పట్టించుకోకుండా గబగబా దాటేసే అడుగులోనే అసలు సంగతి ఉంది. బడిలో ఈ రెండింటినీ ఒకే రోజు, ఒకే బోర్డు మీద చూపిస్తే పిల్లలకు సగం బెరుకు అక్కడే పోతుంది.

ప్రతిక్షేపణ పద్ధతిని సాధారణంగా ‘ఒకదాని విలువ కనుక్కుని రెండోదాంట్లో పెట్టడం’ అని చెప్తారు. మాటగా తప్పేమీ లేదు, కానీ ఎందుకు పెడుతున్నామో అందులో లేదు. 12ప, 8చ అనేవి విజాతి పదాలు, అంటే వాటిలోని అక్షరాలు వేరు. వాటిని కలిపి ఒక్క పదంగా రాయలేం. అక్షరాల ముందున్న 12, 8 అనే గుణకాలను కూడి 20 అంటే అది దేనికి గుణకం? పెద్ద కాయలు ఎన్నో తెలియదు, చిన్నవి ఎన్నో తెలియదు. లెక్క అక్కడే ఆగిపోతుంది. ‘చ’కు బదులుగా 1000 − ప అని రాయగానే 8చ కాస్తా 8000 − 8ప అయింది. ఇప్పుడు 12ప, −8ప రెండూ సజాతి పదాలు. కలుస్తాయి. ప్రతిక్షేపణ చేసే పని ఇదే: కలవని పదాలను కలిసేలా మార్చడం. ఆ తర్వాత సజాతి పదాలను ఒకచోట చేర్చడం వేరే పాఠం కాదు, ఈ పాఠానికే రెండో సగం. ఏడో తరగతిలో బీజీయ సమాసాలని ఒకటి, పదిలో సమీకరణాలని ఒకటి విడివిడిగా చదివి, రెంటికీ చుట్టరికం చూడకుండానే పరీక్ష రాసి బయటపడే పిల్లలు చాలామంది.

‘జాతి’ అన్న మాట నిన్నమొన్నటిది కాదు. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు తన ‘బీజగణితం’ గ్రంథంలో తెలియని రాశుల్లో మొదటిదాన్ని యావత్తావత్ అని, మిగతావాటిని రంగుల పేర్లతో పిలిచాడు: కాలకం, నీలకం, పీతకం. రాసేటప్పుడు ఆ పేర్లలోని మొదటి అక్షరమే రాసేవారు. సమాన జాతి వాటినే కూడాలి, తీసివేయాలి, వేరు జాతి వాటిని విడిగా ఉంచాలి అన్నది ఆయన చెప్పిన నియమం. ‘ప’, ‘చ’ అని పొడి అక్షరాలతో లెక్క చేయడం మనకు కొత్తగా అనిపించినా ఈ నేలలో పాత అలవాటే.

సజాతి, విజాతి పదాల గురించి చెప్పేటప్పుడు క్లాసులో తరచూ ఒక ఉదాహరణ వినిపిస్తుంది: ‘కొబ్బరికాయల్నీ అరటిపళ్లనీ కలిపి లెక్కపెడతామా?’ వినడానికి బాగుంటుంది. చిన్న తరగతుల్లో పని కూడా జరుగుతుంది. కానీ ఇది పిల్లల్ని ఒక తప్పుదారిలో పెడుతుంది. అక్షరం అంటే కాయ అనే భ్రమ పడుతుంది. ‘ప’ పెద్ద కాయ కాదు, పెద్ద కాయల సంఖ్య. 12ప అంటే పన్నెండు పెద్ద కాయలు కాదు, ‘ప’ కాయలకు ఒక్కోదానికి 12 చొప్పున వచ్చే రూపాయలు. 12ప, 8చ రెండూ రూపాయలే. అందుకే వాటిని కూడగలిగాం, మొత్తం 10,800 అని రాయగలిగాం. వాటిని ఒకే పదంగా కుదించలేకపోవడానికి కారణం అవి వేర్వేరు వస్తువులు కావడం కాదు, వాటిలో తెలియని సంఖ్యలు వేరు కావడం. 12ప − 8ప = (12 − 8)ప అన్నది ‘ప’ ఏ సంఖ్య అయినా నిజం. 12ప + 8చ కి అలాంటి వీలు లేదు. ఇది పట్టుబడిన విద్యార్థి ప్రతిక్షేపణ ఎందుకో మళ్లీ అడగాల్సిన అవసరం రాదు.

ఎక్కువ మార్కులు పోయే చోటు మాత్రం ఇది కాదు. బ్రాకెట్ దగ్గర. ధవళేశ్వరం ఆనకట్టతోపాటు వచ్చిన డెల్టా కాలువలు పొలాలకు నీళ్లివ్వడమే కాదు, చాలాకాలం పడవ రవాణాకు దారులుగా కూడా ఉన్నాయి. అలాంటి కాలువలో ఒక మరపడవ 18 కిలోమీటర్లు వాలుకు ఒకటిన్నర గంటలో వెళ్లి, ఎదురుకు రెండుంపావు గంటల్లో తిరిగొచ్చిందనుకుందాం. వాలుకు గంటకు 12 కిలోమీటర్లు, ఎదురుకు 8 కిలోమీటర్లు. నిలకడ నీటిలో పడవ వేగం ‘ప’, నీటి వేగం ‘న’ అయితే:

ప + న = 12
ప − న = 8

మొదటి దాని నుంచి న = 12 − ప. రెండో దాంట్లో పెట్టాలి. ఇక్కడ సగం క్లాసు రాసేది ఇది:

ప − 12 − ప = 8

రెండు ‘ప’లూ కొట్టుకుపోయి −12 = 8 మిగులుతుంది. ‘తప్పుడు వాక్యం వస్తే సాధన లేదు’, అంటే రెండింటికీ సరిపోయే విలువలు లేవు అని పుస్తకంలో చదివారు కాబట్టి, ‘సాధన లేదు’ అని రాసి కింద గీత కొట్టేస్తారు. పడవ వెళ్లింది, తిరిగొచ్చింది కూడా. వేగం లేకుండా ఎలా వచ్చింది?

రాయాల్సింది ఇది:

ప − (12 − ప) = 8
ప − 12 + ప = 8
2ప = 20
ప = 10

నీటి వేగం 12 − 10 = 2. ఎదురుకు 10 − 2 = 8, సరిపోయింది.

బ్రాకెట్ ముందు మైనస్ ఉంటే లోపలి గుర్తులు మారతాయని బట్టీ పట్టించడం కంటే కిరాణా కొట్టు దగ్గరికి తీసుకెళ్తే తేలిగ్గా ఎక్కుతుంది. జేబులో 500 ఉంది. 88 రూపాయల సరుకు తీసుకుని 100 నోటు ఇచ్చారు. 12 తిరిగొచ్చింది. జేబులో ఇప్పుడెంత?

500 − (100 − 12) = 500 − 100 + 12 = 412

నోటు మొత్తం ఇచ్చేశాం కాబట్టి 100 తీసేశాం. అది సరుకు ఖరీదు కంటే 12 ఎక్కువ, కాబట్టి ఆ 12 తిరిగి జేబులోకి వచ్చింది. చిల్లర తీసుకోకుండా కొట్టు దిగిపోయే పిల్లవాడు ఉండడు. ప − 12 − ప అని రాసినవాడు చేసింది మాత్రం అదే. అందుకే ప్రతిక్షేపించే వరుసలో బ్రాకెట్ తప్పనిసరిగా వేయించాలి. మనసులోనే విప్పేసి నేరుగా తర్వాతి వరుస రాసే తొందర ఈ ఒక్క అధ్యాయం వరకైనా మానిపించాలి. ఒక్క వరుస ఎక్కువ రాయడానికి పది సెకన్లు కూడా పట్టదు.

ఆ ‘సాధన లేదు’ అన్న జవాబు తప్పని లెక్క మళ్లీ చేయకుండానే చెప్పవచ్చు. రెండు సమీకరణాల్లో ‘ప’ గుణకాలు 1, 1. వాటి నిష్పత్తి 1. ‘న’ గుణకాలు 1, −1. వాటి నిష్పత్తి −1. రెండు నిష్పత్తులూ సమానం కాకపోతే సాధన తప్పకుండా ఉంటుంది, అదీ ఒక్కటే ఉంటుంది. అలాంటి జతలో −12 = 8 లాంటిది వచ్చిందంటే పొరపాటు సమీకరణాల్లో లేదు, మన చేతిలో ఉంది. గుణకాల నిష్పత్తులు చూసే సూత్రాన్ని పిల్లలు ఒక మార్కు ప్రశ్న కోసం మాత్రమే గుర్తుపెట్టుకుంటారు. నిజానికి అది లెక్కకు కాపలా.

పడవ లెక్కలో ఇంకో షరతు దాగి ఉంది. వెళ్లేటప్పుడు రాసిన ‘న’, వచ్చేటప్పుడు రాసిన ‘న’ ఒకే సంఖ్య అయితేనే రెండు సమీకరణాలనూ కలపగలం. కాలువలో నీటి వాలు కొన్ని గంటల పాటు ఇంచుమించు ఒకేలా ఉంటుంది కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. అదే పడవ యానాం దగ్గర గౌతమి పాయలో వెళ్తే సంగతి వేరు. సముద్రం దగ్గర పడుతుంది కాబట్టి అక్కడ పోటు, పాటు తగులుతాయి. పాటు వేళ దిగువకు లాగిన నీరే పోటు వేళ ఎగువకు తోస్తుంది. వెళ్లేటప్పటి ‘న’ వచ్చేటప్పటికి మిగలదు. అప్పుడు ఒకే అక్షరం రెండు చోట్లా రాసి ప్రతిక్షేపిస్తే జవాబు చక్కగానే వస్తుంది, కానీ అది ఏ నీటి వేగమూ కాదు. ప్రతిక్షేపణ ఈ నమ్మకం మీదే నిలబడింది: ఒక అక్షరం రెండు సమీకరణాల్లోనూ ఒకే విలువకు పేరు. దత్తాంశం ఆ మాట నిలబెట్టుకుంటుందా లేదా అన్నది లెక్క మొదలుపెట్టకముందే చూడాలి.

ఏ అక్షరాన్ని విడదీయాలి అన్నది తర్వాతి ప్రశ్న. గుణకం 1 ఉన్నదాన్ని, అంతే. ఆత్రేయపురం పూతరేకుల లెక్క ఒకటి చూద్దాం. 3 పంచదార బాక్సులు, 1 బెల్లం బాక్సు కలిపి 850 రూపాయలు. 2 పంచదార బాక్సులు, 5 బెల్లం బాక్సులు కలిపి 1,650. పంచదార బాక్సు ధర ‘ద’, బెల్లం బాక్సు ధర ‘బ’.

3ద + బ = 850
2ద + 5బ = 1650

మొదటి సమీకరణంలో ‘బ’ ఒంటరిగా ఉంది. బ = 850 − 3ద.

2ద + 5(850 − 3ద) = 1650
2ద + 4250 − 15ద = 1650
−13ద = −2600
ద = 200, బ = 250

‘ద’ను విడదీసి ఉంటే 3తో భాగించాల్సి వచ్చేది, భిన్నాలు లెక్క పొడవునా వెంటపడేవి. జవాబు మారదు, శ్రమ పెరుగుతుంది.

ఇక్కడ రెండో రకం పొరపాటు కాచుకుని ఉంటుంది. 5తో బ్రాకెట్‌లోని మొదటి పదాన్నే గుణించి 4250 − 3ద అని రాయడం. అప్పుడు 2ద − 3ద = −ద అయి, ద = 2600 వస్తుంది. మూడు పంచదార బాక్సులు, ఒక బెల్లం బాక్సు కలిపితేనే 850 అని ప్రశ్నలో ఉంటే, ఒక్క బాక్సు 2,600 ఎలా అవుతుంది? జవాబు రాసే ముందు ప్రశ్నను మరోసారి చదివే అలవాటు ఉంటే ఈ తప్పు ఎప్పుడూ కాగితం మీద మిగలదు. బజారులో ఇలాంటి రేటు చెప్తే నమ్మని పిల్లలు పరీక్ష హాల్లో నమ్మేస్తారు. అక్షరాల వెనక ఉన్న వస్తువు అప్పటికే కనుమరుగైపోయి ఉంటుంది మరి.

మరొకటి. బ = 850 − 3ద అనేది ఏ సమీకరణం నుంచి వచ్చిందో మళ్లీ దాంట్లోనే పెడితే 3ద + 850 − 3ద = 850, అంటే 850 = 850. దీన్ని చూసి ‘అనంత సాధనలు’ అని రాసేవాళ్లూ ఉన్నారు. అది చెప్పిన మాటనే మళ్లీ చెప్పడం, కొత్త సమాచారం ఏమీ లేదు. మొదటి దాని నుంచి తీసింది రెండో దాంట్లోనే పెట్టాలి. సమీకరణాలకు (1), (2) అని నంబర్లు వేసుకోవడం ఇందుకే.

నిజంగానే 850 = 850 లాంటిది వచ్చే జతలూ ఉన్నాయి. రావులపాలెంలో అరటి గెలలు, పక్కనే కొబ్బరి బొండాలు కొన్న ఇద్దరి చీటీలు చూస్తున్నామనుకోండి. ఒకరు 2 గెలలు, 3 బొండాలకు 490 ఇచ్చారు. రెండోవారు 4 గెలలు, 6 బొండాలకు 980 ఇచ్చారు. గెల ధర ‘గ’, బొండం ధర ‘బ’ అయితే:

2గ + 3బ = 490
4గ + 6బ = 980

మొదటి దాని నుంచి 2గ = 490 − 3బ, అంటే 4గ = 980 − 6బ. రెండో దాంట్లో పెడితే 980 − 6బ + 6బ = 980. ‘బ’ మాయమైంది, 980 = 980 మిగిలింది. రెండో చీటీ మొదటి దానికి రెట్టింపు మాత్రమే. చీటీలు రెండున్నా సమాచారం ఒకటే. గెల 200, బొండం 30 కావచ్చు. గెల 170, బొండం 50 కూడా కావచ్చు. ఎన్ని జతలైనా సరిపోతాయి. వీటినే పరస్పరాధారిత సమీకరణాలంటారు.

రెండోవారు 980 బదులు 1,000 ఇచ్చారనుకుంటే 980 = 1000 వస్తుంది. ఇది అసంగత జత. ఇక్కడ నిష్పత్తులు చూస్తే 2/4, 3/6 రెండూ సగమే, 490/1000 మాత్రం సగం కాదు. కాబట్టి ఈసారి తప్పు మన చేతిలో లేదు, చీటీల్లోనే ఉంది. రెండు కొనుగోళ్లకూ ఒకే రేటు పడలేదన్నమాట. పొద్దున ఒక రేటు, మధ్యాహ్నం ఒక రేటు అయి ఉండవచ్చు, లేదా ఒక చీటీలో అంకె తప్పు పడి ఉండవచ్చు. పోటు వేళ ‘న’ మారినట్టే ఇక్కడ ‘గ’, ‘బ’ మారాయి. ‘సాధన లేదు’ అన్నది లెక్క ఓడిపోవడం కాదు, వివరాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదని లెక్క పట్టివ్వడం. గ్రాఫు గీస్తే ఇవి ఎప్పటికీ కలవని సమాంతర రేఖలు.

ప్రతిక్షేపణే ఎప్పుడూ మంచి దారి అనుకోనక్కర్లేదు. తెలుగులో తొలి గణిత గ్రంథం రాసిన పావులూరి మల్లన వేంగి చాళుక్యుల కాలపు కవి. ఆయన అనుసరించిన సంస్కృత మూలం 9వ శతాబ్దపు మహావీరాచార్యుడి గణితసారసంగ్రహం. ఆ సంస్కృత గ్రంథంలో ఒక లెక్క ఉంది: 9 మాదీఫలాలు (నిమ్మజాతి పండ్లు), 7 వెలగపండ్ల ధర 107. 7 మాదీఫలాలు, 9 వెలగపండ్ల ధర 101. ఒక్కోదాని ధర ఎంత?

9మ + 7వ = 107
7మ + 9వ = 101

ఒంటరి అక్షరం ఎక్కడా లేదు. పట్టుబట్టి ప్రతిక్షేపిస్తే మ = (107 − 7వ)/9. రెండో దాంట్లో పెట్టి, అంతటినీ 9తో గుణిస్తే:

7(107 − 7వ) + 81వ = 909
749 − 49వ + 81వ = 909
32వ = 160
వ = 5

వస్తుంది, కానీ 749, 909 లాంటి పెద్ద అంకెలు మోయాల్సి వచ్చింది. గుణకాలు 9, 7 అటూ ఇటూ మారాయని ముందే గమనిస్తే, రెండు సమీకరణాలనూ ఒకసారి కూడి, ఒకసారి తీసివేస్తే చాలు. కూడితే 16మ + 16వ = 208, అంటే మ + వ = 13. తీసివేస్తే 2మ − 2వ = 6, అంటే మ − వ = 3. ఇంతకుముందు చూసిన కాలువ పడవ లెక్క మళ్లీ ఎదురొచ్చింది: మొత్తం ఒకటి, తేడా ఒకటి. ఇక్కడి నుంచి ప్రతిక్షేపణకు అడ్డం లేదు. వ = 13 − మ, మ − (13 − మ) = 3, మ − 13 + మ = 3, 2మ = 16.

మాదీఫలం 8, వెలగపండు 5. సరిచూస్తే 72 + 35 = 107, 56 + 45 = 101.